పీట కింద కొంగలు

మాఘమాసం, పౌర్ణమికి ముందొచ్చిన గురువారం, పొద్దున్న తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. పంతులమ్మగారి పెళ్ళి పందిట్లోకి గోదారి గాలి ఒక్క విసురు విసిరింది. పైన దారాలకి కట్టిన కాగితపు కొంగలన్నీ ఒకేసారి తలలూపేయి. టైము అంత కచ్చితంగా ఎలా చెప్తున్నానంటే, పందిరి గుంజకి గడియారం తగిలించి ఉంది. పురోహితుడుగారు మాటిమాటికీ దాన్ని చూస్తున్నారు. ఆయన చూసినప్పుడల్లా నేనూ చూస్తున్నాను. అంకెలు నాకు ఎప్పట్నుంచో వచ్చు. ఆలస్యంగా వచ్చినవి అక్షరాలే.

ఆ కొంగల్ని చూసినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న. "ఈ వయసులో ఇన్ని ఎలా మడిచేరండీ? చెయ్యి పడిపోలేదా?"

పడిపోబోయింది. అందుకే రాస్తున్నాను. మీలో ఎవరైనా పెళ్ళికో పేరంటానికో ఇలాంటి పని నెత్తినేసుకుంటే ముందు ఇది చదివి, తర్వాత కాగితం ముట్టుకోండి.

మాది పూతరేకుల ఇల్లు. వాడపల్లి వెళ్ళే రోడ్డు పక్కనే. శనివారం వస్తే వెంకన్న దర్శనానికి జనం విరగబడి వెళ్తారు. ఏడు శనివారాలు వస్తామని మొక్కుకున్నవాళ్ళే ఎక్కువ. వెళ్ళేటప్పుడు వాళ్ళకి దేవుడు కావాలి, తిరిగొచ్చేటప్పుడు మేం కావాలి. వాకిట్లో బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట, పక్కన పల్చగా కలిపిన బియ్యప్పిండి. గుడ్డ పిండిలో ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు లేస్తుంది. ఉల్లిపొర దాని ముందు దుప్పటి. ఆ రేకు మీద తడిగుడ్డ అద్ది, మెత్తబడ్డాక నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం పొడో జల్లి మడుస్తాం. నేను ఈ పనిలోకి వచ్చేటప్పటికి నాకింకా పెళ్ళికాలేదు. ఇప్పుడు నాకు మనవలున్నారు. మధ్యలో చేసిందంతా ఇదే.

పనిలో ముగ్గురం. నేను, మా కోడలు, పక్క వాటాలో ఉండే మా తోటికోడలు. తోటికోడలు నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్న. నోరు మాత్రం ఎనిమిదేళ్ళు పెద్ద.

ఇక పంతులమ్మగారి సంగతి. మా వీధి చివర బడిలో ఆవిడ టీచరు. నాకు అరవై దాటేక ఒకరోజు రేకులు కొనడానికి వచ్చి, "మామ్మగారూ, డబ్బా మీద కాగితం తలకిందులుగా అంటించేరు," అన్నారు. నాకు కోపం వచ్చింది. "మాకు తలకిందులైనా తిన్నగా ఉన్నా ఒకటేనండి," అన్నాను. ఆవిడ నవ్వి ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. మర్నాడు సాయంత్రం పలక పట్టుకుని వచ్చేరు. నేను పలక ముట్టుకోనన్నాను. ఈ వయసులో పలక పట్టుకుంటే రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూస్తారు. ఆవిడ అటూ ఇటూ చూసి, చల్లారిన కుండ దగ్గర కూర్చుని, గిన్నెలో అడుగున మిగిలిన పిండిలో వేలు ముంచి, నల్లటి కుండ వీపు మీద 'అ' రాసేరు. "ఇది మీ పనే కదా, ఎవరూ నవ్వరు," అన్నారు. తప్పు రాస్తే అరచేత్తో ఒక్క తుడుపు. సాక్ష్యం ఉండదు. అలా పిండితో మొదలెట్టి, పెన్సిలుకి వచ్చి, పెన్ను దాకా వచ్చేను. ఇప్పుడు రోజూ పొద్దున్న మా వాకిట్లో నల్లబోర్డు మీద సుద్దతో నేనే రాస్తాను, 'పూతరేకులు, బెల్లంవి, పంచదారవి' అని. మధ్యాహ్నం పని అయ్యాక ఇలా నా మాటలు నాలుగు రాసుకుంటాను. ఈ సుఖం మీకు తెలీదు. మీరు ఐదో ఏట నేర్చుకుని మర్చిపోయేరు, ఎలా వచ్చిందో కూడా గుర్తులేదు మీకు.

ఆవిడకి నలభై దాటేయి. ఎందుకు పెళ్ళి చేసుకోలేదని ఊరంతా అడిగింది. నేను అడగలేదు. నా చదువు మధ్యలో ఉండగా నేనెందుకు అడుగుతానండీ?

పెళ్ళికొడుకుది తాటిపాక. అక్కడ గ్యాసు ప్లాంటులో పని. మొదటి భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఏడు శనివారాల మొక్కుకి వచ్చి, తిరిగి వెళ్తూ మా దగ్గర ఆగేవారు. ఏడు వారాలూ అయిపోయేయి. ఎనిమిదో శనివారం కూడా వచ్చేరు. తొమ్మిదోదీ వచ్చేరు. ఓ రోజు నేనే అడిగేను.

"మీకు షుగరని మొన్న మీరే అన్నారు కదండీ. ఈ డబ్బాలన్నీ ఎవరికి?"

"ఆఫీసులో వాళ్ళకండి."

"ఆఫీసు వాళ్ళకి ఇంకా షుగరు రాలేదాండీ?"

ఆయన చూపు అరుగు మీద ఉంది. అక్కడ పంతులమ్మగారు నా రాత దిద్దుతున్నారు. ఇంక నాకు అడగడానికేం మిగల్లేదు. ఆ తర్వాత ఏం జరిగిందో వాళ్ళిద్దరే చెప్పుకోవాలి. మాఘమాసంలో పెళ్ళని మాత్రం మాకు చెప్పేరు.

"ఏం కావాలో చెప్పండి, ఇస్తాం," అన్నాను నేను.

"ఏమీ వద్దు మామ్మగారూ."

"వద్దంటే వినడానికి నేను మీ స్కూలు పిల్లని కాదండి. చెప్పండి."

ఆవిడ ఫోను తీసి ఒక బొమ్మ చూపించేరు. పెద్ద హాలు, పైనుంచి దారాలకి రంగురంగుల కాగితపు కొంగలు వేలాడుతున్నాయి. జపాను వాళ్ళు ఎవరికైనా మంచి జరగాలని ఇలా మడిచి ఇస్తారట. "చిన్నప్పట్నుంచీ ఇష్టం. పిల్లలకి ఒకటో రెండో మడిచి చూపిస్తాను. పందిరినిండా ఎవరు మడుస్తారు లెండి," అన్నారు.

"మడవడమా? మడవడం మాకు చెప్పాలాండీ?" అన్నాను.

తొందరపాటు మాట. కానీ అనేశాక వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు.

మా తోటికోడలు విని చేతులు తిప్పింది. "పెళ్ళిపందిట్లో కొంగలేంటక్కా! చిలకలు కడతారు గానీ. కొంగలు ఉండాల్సింది రొయ్యల చెరువు గట్టు మీద."

"ఆవిడ కొంగలడిగేరు."

"పోనీ హంసలని చెప్పు వచ్చినవాళ్ళకి. మెడ పొడుగ్గానే ఉంటుంది కదా."

కొత్తపేట నుంచి రంగు కాగితాలు తెప్పించేం. కోడలు వాటిని చదరంగా కత్తిరించింది. ఫోనులో వీడియో పెట్టి, ఎలా మడవాలో చూసి చెప్పింది. నేను పీట వేసుకుని కూర్చున్నాను. మొదటి కాగితం చేతిలోకి తీసుకున్నాను. తీసుకుని ఏం చేసేనో తెలుసా? తడిగుడ్డ అద్దేను.

రేకు మడవాలంటే ముందు తడి అద్దాలి, లేకపోతే పెళుసుగా విరిగిపోతుంది. ఇన్నేళ్ళ అలవాటు నన్ను అడక్కుండానే పని చేసేసింది. కాగితం మెత్తబడింది, ముడుచుకుంది, రంగంతా కారి నా వేళ్ళకి, పీటకి, తడిగుడ్డకి అంటింది. నేను చూసుకోలేదు. అదే గుడ్డ మా తోటికోడలు తీసుకుని రేకుల మీద అద్దింది. కాసేపటికి ఎనిమిది రేకులు గులాబీ రంగులో తయారయ్యేయి. సరిగ్గా అప్పుడే ఎవరో కారు దిగేరు.

"ఏంటండీ ఇవి, రోజ్ ఫ్లేవరా?"

"ఆయ్, కొత్తగా మొదలెట్టేమండి," అంది మా తోటికోడలు తడుముకోకుండా.

నేను పళ్ళెం లాక్కుని అవతల పారేసేను. "కాగితం రంగండి అది. ఈ గుడ్డ కూడా ఇంక పనికి రాదు. ఇవిగో, తెల్లవి తీసుకోండి," అన్నాను. వచ్చినాయన ఆ తెల్లవి కూడా వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసేడు. చూడనీయండి, తప్పేముంది. తర్వాత మా తోటికోడలు నన్ను రెండు రోజులు "రోజ్ ఫ్లేవరు" అని పిలిచింది. ఆ రోజు నుంచి కాగితాల పని వేరే అరుగు మీద, రేకుల పని వేరే అరుగు మీద.

రెండోసారి తడి లేకుండా మడిచేను. అదీ కుదరలేదు. పూతరేకుని నొక్కకూడదు. గాలి లోపల ఉండాలి, వేలు ఆనీ ఆననట్టు మడవాలి. కాగితం అలా వినదు. మడత మీద గీత పడకపోతే తర్వాతి మడత దానిష్టం వచ్చినట్టు పోతుంది. నా మొదటి కొంగ పొట్ట ఉబ్బి, మెడ పక్కకి వాలి, ఎంతో శ్రమపడి కూర్చున్నట్టు కూర్చుంది.

"ఇది కొంగ కాదక్కా, పొదుగుతున్న పెట్ట," అంది తోటికోడలు. "లోపల కాస్త పంచదార జల్లు, అమ్మేద్దాం."

కోడలు మెల్లిగా చెప్పింది. "అత్తయ్యగారూ, వీడియోలో ప్రతి మడతనీ గోటితో గట్టిగా గీస్తున్నారండి."

సరే, గోటితో గీసేను. బాగా వచ్చింది. మెడ నిలబడింది, రెక్క పదునుగా వచ్చింది. ఇంక చూస్కోండి నా పట్టుదల. ఒక్కో కొంగకి ఎన్ని మడతలో, ప్రతి మడతకీ కుడి బొటనవేలుతో నొక్కి ఒక్క గీత. పైగా అసలే సంక్రాంతి రోజులు, రేకుల పని రెట్టింపు. పొద్దున్నంతా గుడ్డ లాగడం, మధ్యాహ్నమంతా కొంగలు. మణికట్టు పక్కన సలపడం మొదలెట్టింది. నొప్పి లేకుండా మా పనిలో ఏ రోజు గడిచింది కనకా? కొబ్బరినూనె రాసుకుని మళ్ళీ కూర్చున్నాను. కోడలు "కాసేపు ఆపండి అత్తయ్యగారూ" అంటే, "నువ్వు నీ వీడియో చూసుకో" అన్నాను. గంప నిండుతుంటే కళ్ళకి బాగుంది. మేం కొంగల్ని లెక్కపెట్టలేదు, గంపతో కొలిచేం. రెండు గంపలైతే పందిరికి సరిపోతాయని కోడలి అంచనా.

మొదటి గంప సగం నిండిన మర్నాడు పొద్దున్న బోర్డు రాయడానికి సుద్ద తీసుకున్నాను. 'పూత' అని రాసేను. 'రే' దగ్గర బొటనవేలు మొదట్లో సూది దిగినట్టయింది. సుద్ద కిందపడింది. వంగి తీసుకున్నాను, మళ్ళీ పడింది. ఎడంచేత్తో కుడి బొటనవేలిని కదిపి చూసేను, పైకి లేచింది గానీ కిందకి రానంది. ఆ రోజంతా మా బోర్డు మీద 'పూత' అనే ఉంది. వచ్చినవాళ్ళలో ఒకావిడ "పూతేంటండీ, మామిడి పూతా?" అని కూడా అడిగింది. నేను నవ్వలేదు. నవ్వు రాలేదు. వేలు వాచినందుకు కాదు నాకు బెంగ. రాయలేకపోయినందుకు.

కొత్తపేటలో డాక్టరమ్మగారి దగ్గరికి కోడలు తీసుకెళ్ళింది. ఆవిడ నా బొటనవేలిని అరచేతిలో మడిచి, గుప్పిట పట్టించి, చేతిని కిందకి వంచేరు. నొప్పికి నేను ఆవిడ టేబులు మీద గట్టిగా ఒక్కటి కొట్టేను.

"అర్థమైంది లెండి," అన్నారు ఆవిడ నవ్వుతూ. "వేలిని కదిలించే తాళ్ళు ఇక్కడ ఒక సన్నటి గొట్టంలోంచి వెళ్తాయి. అది వాచింది. ఏం పని చేస్తారు?"

"పూతరేకులండి."

"అది ఎప్పట్నుంచో చేస్తున్నారు కదా. కొత్తగా ఏం మొదలెట్టేరు?"

"కొంగలండి."

ఆవిడ పెన్ను ఆపి నా మొహం చూసేరు. కోడలు విషయమంతా చెప్పింది. డాక్టరమ్మగారు పట్టీ ఒకటి కట్టి, వారం రోజులు ఆ చేత్తో ఏ పనీ చెయ్యొద్దన్నారు. నేను వేడుకుంటే, తగ్గాక కొంగలు మడుచుకోవచ్చు గానీ బొటనవేలి కొసతో నొక్కడం ఇంక జన్మలో చెయ్యకూడదన్నారు. చిన్న కాగితమైతే వేళ్ళు బిగుసుకుంటాయి, పెద్ద కాగితం తీసుకోమన్నారు. చెయ్యి గాల్లో పెట్టి మడవకుండా బల్ల మీద ఆనించమన్నారు.

"నొప్పి వచ్చాక ఆపేవాళ్ళే అందరూ. మీరు రాకముందే ఆపాలి," అన్నారు.

"రాకముందు ఎలా తెలుస్తుందండీ?"

"అది మీరే కనిపెట్టాలి. కనిపెట్టకుండా ఇలాగే గీస్తూ కూర్చుంటే మాత్రం ఈ చెయ్యి పెన్ను కూడా పట్టదు."

బస్సులో తిరిగొస్తూ ఆ ఒక్క మాటే తలచుకున్నాను. పెన్ను పట్టకపోవడం. రేకుల పని పోతే కోడలుంది, తోటికోడలుంది. అక్షరాలు పోతే ఎవరున్నారు నాకు? నా బదులు ఇంకొకళ్ళు రాస్తే అది నేను రాసినట్టు కాదు కదా.

పంతులమ్మగారికి ఎవరు చేరవేసేరో చెప్పక్కర్లేదు, పక్క వాటా నోరే. సాయంత్రానికల్లా ఆవిడ వచ్చేరు. కూర్చోలేదు. నిలబడే మాట్లాడేరు. నేనెప్పుడూ ఆవిడ గొంతు అంత పైకి వెళ్ళడం వినలేదు.

"కొంగలు లేకపోతే నా పెళ్ళి ఆగిపోతుందా? నేను నేర్పిన చేతిని నా పెళ్ళికే పాడుచేస్తారా?"

"మాటిచ్చేనండి."

"ఆ మాట నేను వెనక్కి ఇచ్చేస్తున్నాను. ఆ గంప ఇలా ఇవ్వండి, పట్టుకెళ్ళిపోతాను."

"గంప నాదండి," అన్నాను.

మా తోటికోడలు పక్కన నిలబడి పమిట కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాపుకుంటోంది. పంతులమ్మగారు చివరికి దిగొచ్చేరు. "సరే. కానీ మీ రాత చెడిందంటే నేను మళ్ళీ మీతో మాట్లాడను. నా పెళ్ళికీ రావద్దు," అన్నారు. అలా అన్నారని కోపం లేదు. నన్ను అలా బెదిరించేవాళ్ళు మా అమ్మ తర్వాత ఎవరూ లేరు.

డాక్టరమ్మగారు చెప్పినట్టు వారం రోజులూ చెయ్యి కట్టేసుకుని కూర్చున్నాను. ఆ వారంలోనే ఉపాయం దొరికింది. దొరికింది అనాలి గానీ కనిపెట్టేనని చెప్పను. సగం మడిచి వదిలేసిన కాగితాల దొంతర గాలికి ఎగిరి కుండ మంట మీదకి పోతోందని, కోడలు దాన్ని నా పీట కింద దోపింది. పీటకి కింద రెండువైపులా కోళ్ళు, అంటే పొట్టి కాళ్ళు, ఉంటాయి కదా, ఒకవైపు కోడు ఎప్పుడో ఊడిపోయింది. దాంతో ఆ వైపు చెక్క నేలకి ఆనుతుంది. నేను ఆ పీట మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళతో కబుర్లు చెప్పేను. మధ్యాహ్నం లేచాక కోడలు దొంతర తీసి "అత్తయ్యగారూ!" అని అరిచింది. ప్రతి మడతా కత్తితో గీసినట్టుంది. గోరు తగల్లేదు, వేలు తగల్లేదు.

"ఇన్నాళ్ళకి నీ బరువు అక్కరకొచ్చిందక్కా," అంది మా తోటికోడలు.

"నువ్వూ కూర్చో. నీ నోటి బరువు కూడా కలిస్తే ఇంకా బాగా పడతాయి."

పట్టీ విప్పేక పద్ధతి మార్చేం. రేకుల పనిలో ఒకరు లాగుతారు, ఒకరు అద్దుతారు, ఒకరు మడుస్తారు. ఒక్కరే అన్నీ చెయ్యరు. కొంగల దగ్గర ఆ బుద్ధి ముందే ఎందుకు రాలేదో నాకు తెలీదు. ఇప్పుడు నేను పెద్ద కాగితాల్ని బల్ల మీద పెట్టి, అరచేతి మొదలుతో మెత్తగా తోసి మొదటి మడతలు వేస్తాను. అవి పీట కిందకి వెళ్తాయి. పీట దిగాక వాటిని కోడలు అందుకుని రెక్కలు విప్పుతుంది. మెడలాగి ముక్కు వంచడం తోటికోడలి వంతు. ముక్కు పని ఆవిడకి బాగా కుదిరింది. ఎవరి ముక్కు ఎలా ఉందో చెప్పడంలో ఆవిడకి ముందునుంచీ అనుభవం.

చెయ్యి ఎప్పుడు ఆపాలో మా మంటే చెప్పింది. ఎండు కొబ్బరాకు తొందరగా కాలిపోతుంది, ఎగదోస్తూ ఉండాలి. కుండ చల్లారకుండా మాలో ఒకరు లేచి అవతల మంట ఎగదోసినప్పుడల్లా ఇవతల అందరం చేతులు దించాలని పెట్టుకున్నాం. నొప్పి ఉన్నా లేకపోయినా సరే. గోరువెచ్చటి నీళ్ళ గిన్నె పక్కనే ఉండేది. చేతులు అందులో పెట్టుకుని, మంట మళ్ళీ సర్దుకునేదాకా ఊరి కబుర్లు.

ఇంకోటి కూడా పెట్టుకున్నాను. పొద్దున్న బోర్డు రాసేటప్పుడు అక్షరం వణికితే ఆ రోజు కొంగల జోలికి పోకూడదు. 'లు' తోక మెలిక తిన్నగా తిరిగితేనే కాగితం ముట్టుకోవాలి. కొన్ని రోజులు తిరగలేదు. ఆ రోజుల్లో నేను ఊరికే పీట మీద కూర్చున్నాను. అదీ పనే కదా.

శనివారాలు మాకు పండగ. దర్శనం నుంచి వచ్చేవాళ్ళు డబ్బాలు కట్టేదాకా ఎలాగూ ఆగాలి. "నిలబడ్డారేంటండీ, కూర్చోండి," అని పీట చూపించేవాళ్ళం. కాస్త ఒళ్ళున్నవాళ్ళు వస్తే మా తోటికోడలి మర్యాద చూడాలి. మంచినీళ్ళిచ్చి, పిల్లల గురించి అడిగి, అత్తగారి మోకాళ్ళ నొప్పుల దాకా వెళ్ళి, వాళ్ళని లేవనిచ్చేది కాదు. ఓ శనివారం పెళ్ళికొడుకే వచ్చేరు. పెళ్ళి దగ్గర పడ్డా ఆ వారం డబ్బా మానలేదు. మా తోటికోడలు ఆయన్నీ పీట మీద కూర్చోబెట్టింది. మంచి దిట్టమైన మనిషి. చాలాసేపు కూర్చుని, లేవబోతూ కిందకి చూసేరు.

"ఇవేంటండీ, పీట కింద?"

"మీ పెళ్ళేనండి," అన్నాను. "లేవకండి, ఇంకాసేపు కూర్చోండి. ఇంకా పడలేదు."

విషయం తెలిసి ఆయన నవ్వి, మళ్ళీ కూర్చున్నారు. ఇంకో గ్లాసు మంచినీళ్ళు అడిగి మరీ కూర్చున్నారు.

పెళ్ళికి ముందు రోజు బుధవారం మధ్యాహ్నానికి ఒక గంప నిండింది. రెండోది అంచుకి జానెడు తక్కువగా ఉంది. ఆ పొద్దున్న నా 'లు' తోక బాగానే తిరిగింది. కానీ మధ్యాహ్నానికి మణికట్టు పక్కన చిన్న జిల మొదలైంది. నొప్పి అనలేం. నొప్పికి ముందొచ్చే పలకరింపు. నేను కాగితాలు సర్ది మీద గుడ్డ కప్పేసేను.

"అదేంటక్కా! ఇంకొక్క పూట కూర్చుంటే గంప నిండిపోద్ది," అంది తోటికోడలు.

"నిండకపోతే పందిట్లో ఒక మూల బోసిగా ఉంటుంది. ఎవరి పెళ్ళీ ఆగదు."

"ఇంతదూరం వచ్చి..."

"ఇంతదూరం వచ్చేను కాబట్టే ఆపుతున్నాను. నువ్వు కావాలంటే మొదటి మడతలు కూడా నువ్వే వెయ్యి."

ఆవిడ ప్రయత్నించింది. ఆవిడ మడతలు ఆవిడ మాటల్లాగే పక్కదారి పట్టేయి. కోడలు వాటిని చూసి పక్కన పెట్టింది. నాకు లేచి వెళ్ళి తిన్నగా మడవాలని చెయ్యి లాగింది, అబద్ధం చెప్పను. చేతుల్ని చంకల్లో పెట్టుకుని కూర్చున్నాను.

గురువారం పొద్దున్న నేను బోర్డు రాసేక గంపలు తీసుకుని వెళ్ళేం. పందిరి వాసాలకి కోడలూ తోటికోడలూ దారాలు కట్టేరు. నేను కిందనుంచి ఎక్కడ కట్టాలో చెప్పేను. అనుకున్నట్టే సన్నాయి వాళ్ళు కూర్చున్న మూల ఖాళీగా మిగిలింది. సన్నాయి ఆయన పైకి చూసి, "మా మీద ఏం కోపమమ్మా?" అన్నాడు. "మీ బుగ్గలు ఊదితే అవి ఎగిరిపోతాయని," అంది మా తోటికోడలు. అప్పుడే ఆ గాలి విసురు వచ్చింది, కొంగలు తలలూపేయి.

పెళ్ళికూతుర్ని తెచ్చేరు. మేనమామగారు బుట్టలో కూర్చోబెట్టి మోసుకొస్తానని సిద్ధంగా ఉన్నారు. పంతులమ్మగారు ఒప్పుకోలేదు. "నన్ను మోసి మీ నడుం పోగొట్టుకోకండి మావయ్యా, నడిచే వస్తాను," అని పట్టుచీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని నడిచేరు. అందరూ పైకి చూస్తున్నారు. ఆవిడ పైకి చూడలేదు. తిన్నగా నా దగ్గరికి వచ్చి ఆగేరు.

"చెయ్యి ఇవ్వండి."

ఇచ్చేను. గోరింటాకు చేతుల్తో నా కుడి బొటనవేలిని వంచి, అరచేతిలో మడిచి, గుప్పిట పట్టించి, అచ్చం డాక్టరమ్మగారిలాగే కిందకి వంచేరు. ఈసారి నేను దేన్నీ కొట్టలేదు.

"ఈ వేళ బోర్డు రాసేరా?"

"రాసేనండి."

"ఏమని?"

"'ఈ రోజు సెలవు. పంతులమ్మగారి పెళ్ళి' అని."

"వణికిందా?"

"లేదండి."

"నిజం చెప్పండి."

"మీ పెళ్ళినాడు అబద్ధమాడతానాండీ? వెళ్ళి చూసి రండి కావాలంటే."

వెళ్ళేలాగే ఉన్నారు. పురోహితుడుగారు గడియారం చూసి, "అమ్మా, అవతల ముహూర్తం..." అన్నారు. "ఒక్క నిమిషమండి," అని ఆవిడ నా చెయ్యి వదలకుండానే అప్పుడు తలెత్తి కొంగల్ని చూసేరు. ఒక్కో వరసా చూసేరు. ఖాళీ మూల కూడా చూసేరు. చూసి, "అక్కడ ఆపేరు కదూ?" అన్నారు.

"ఆయ్," అన్నాను.

నా చెయ్యి గట్టిగా ఒకసారి నొక్కబోయి, గుర్తొచ్చి, మెత్తగా వదిలి పీటల మీదకి వెళ్ళేరు.

ఆ పొద్దున్న ఆ పందిట్లో ఉన్నవాళ్ళు: పంతులమ్మగారు, పీట మీద ఈసారి తెలిసే కూర్చున్న పెళ్ళికొడుకు, నడుం మిగిలిన మేనమామగారు, మెట్ట ప్రాంతం నుంచి వచ్చిన పంతులమ్మగారి తమ్ముడూ మరదలూ, తాటిపాక నుంచి వ్యానులో వచ్చిన ప్లాంటు వాళ్ళు, వాళ్ళలో చాలామంది మా డబ్బాలు తిన్నవాళ్ళే, కొత్తపేట డాక్టరమ్మగారు, ఆవిడకి కార్డు నేనే రాసి పంపేను, బడిలో మిగతా టీచర్లు, నెత్తిన కొంగలు తగులుతుంటే ఎగిరి ఎగిరి అందుకుంటున్న వాళ్ళ పిల్లలు, పురోహితుడుగారు, కొంగలు లేని మూలలో సన్నాయి ఆయనా, డోలు ఆయనా, వంటవాళ్ళు నలుగురు, మా అబ్బాయి, మా కోడలు, వచ్చినవాళ్ళందరికీ ఇవి హంసలని చెప్తూ తిరుగుతున్న మా తోటికోడలు, నేను.